అమ్మ పేరు, నాలుగు ప్రశ్నార్థకాలు

గత ఏడాది దసరాకు తెనాలి వెళ్లినప్పుడు అమ్మ మూడు పాత నోటుపుస్తకాలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అమ్మమ్మ తన చేత్తో రాసుకున్న మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు వాటి నిండా ఉన్నాయి. కాగితం అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి కనుక, ఇక ఆలస్యం చేయకుండా ప్రతి పేజీనీ స్కాన్ చేసి దాచాలని ఇద్దరం అనుకుని ఒక స్కానర్ కొన్నాం. దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను అమ్మ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేశాను. పట్టీ చివరిదాకా నిండింది, ఇన్‌స్టలేషన్ విజయవంతంగా పూర్తయిందన్న సందేశం వచ్చింది, డెస్క్‌టాప్ మీద ఐకన్ కూడా కనిపించింది. ఆ ఐకన్ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు మాత్రం మౌస్ బాణం పక్కన నీలి వలయం ఒక్క క్షణం తిరిగి మాయమైంది. విండో తెరుచుకోలేదు. తప్పు ఫలానా చోట ఉందని చెప్పే సందేశమూ రాలేదు.

ఆ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా, "మేడమ్, ఒకసారి అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి" అన్నాడు. చేశాను. రెండోసారి యాంటీవైరస్ ఆపి చేయమన్నాడు. మూడోసారి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి చూడమన్నాడు. నాలుగోసారి, "సిస్టమ్ ఫార్మాట్ కొట్టించండి మేడమ్, అన్నీ సెట్ అయిపోతాయి" అన్నాడు. ఆ లాప్‌టాప్‌లో అమ్మ ఫోటోలు, పెన్షన్ కాగితాలు, చెల్లి పెళ్లి వీడియోలు అన్నీ ఉన్నాయి. ఒక ప్రోగ్రామ్ ఎందుకు తెరుచుకోవడం లేదో ఎవరూ కనుక్కోకుండానే వాటన్నిటినీ తుడిచిపెట్టమనడం నాకు మింగుడుపడలేదు. ఇన్‌స్టాల్ అయి కూడా నడవని సాఫ్ట్‌వేర్ విషయంలో మొదట కనుక్కోవలసింది కారణమనీ, ఆ కారణాన్ని చెప్పవలసిన బాధ్యత ప్రోగ్రామ్ తయారుచేసినవారిదనీ, ఆ కారణం మన లిపే అయినప్పుడు మన పేరు మార్చుకోమని మనకు చెప్పే హక్కు ఎవరికీ లేదనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. అలా ఎందుకు నమ్ముతున్నానో వివరంగా రాస్తాను.

ముందుగా, ఇన్‌స్టాల్ కావడానికీ నడవడానికీ మధ్య ఉన్న దూరం ఎంతో చూడాలి. ఇన్‌స్టాలర్ పని ప్రధానంగా సామాను చేరవేయడం. అది ఫైళ్లను ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది, విండోస్ సెట్టింగుల పద్దుపుస్తకమైన రిజిస్ట్రీలో కొన్ని వివరాలు రాస్తుంది, స్టార్ట్ మెనూలో ఐకన్ పెడుతుంది. ఇవి సవ్యంగా జరిగితే దాని దృష్టిలో పని విజయవంతమైనట్టే. చేరవేసిన సామాను పనిచేస్తుందా లేదా అని అది సాధారణంగా నడిపి చూడదు. మనం డబుల్ క్లిక్ చేసినప్పుడు మొదలయ్యే పని పూర్తిగా వేరు. విండోస్‌లో లోడర్ అనే భాగం ఆ ఫైలు తలభాగాన్ని చదివి అది పాత తరం 32 బిట్లదా, కొత్త తరం 64 బిట్లదా అని చూస్తుంది. తనకు ఫలానా డిఎల్ఎల్‌లు, అంటే ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లు, కావాలని ఆ ప్రోగ్రామ్ రాసిపెట్టుకున్న జాబితాను తీసుకుని ఒక్కొక్కదాన్నీ వెతుకుతుంది. ఆ డిఎల్ఎల్‌లకు మళ్లీ వేరే డిఎల్ఎల్‌లు కావలసి వస్తే వాటినీ వెతుకుతుంది. అవన్నీ దొరికి, ఒకదానితో ఒకటి కుదిరిన తర్వాతే ప్రోగ్రామ్ రాసినవారి మొదటి వాక్యం అమలవుతుంది. ఇంతలో ఎక్కడ తేడా వచ్చినా ప్రోగ్రామ్ పుట్టకముందే ఆగిపోతుంది.

మనవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కు విజువల్ సి ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌ది, అంటే మైక్రోసాఫ్ట్ వారి ఆ పరికరంతో తయారైన ప్రోగ్రాములు నడవడానికి కావలసిన డిఎల్ఎల్‌ల కట్టది. 2015 నుంచి 2022 వరకు వచ్చిన వెర్షన్లతో తయారైన ప్రోగ్రాములన్నీ ఒకే రన్‌టైమ్ ప్యాకేజీని పంచుకుంటాయి గానీ, 2013, 2010, 2008 వెర్షన్లకు దేనిది దానికే విడిగా ఉండాలి. పైగా 64 బిట్ల విండోస్‌లో కూడా 32 బిట్ల ప్రోగ్రామ్‌కు 32 బిట్ల ప్యాకేజీయే కావాలి. ఇది తెలియనివారు లేదన్న డిఎల్ఎల్ పేరును ఇంటర్నెట్‌లో వెతికి, ఎవరు పెట్టారో తెలియని చోట నుంచి ఆ ఒక్క ఫైలును దించుకుని, సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో పడేస్తారు. 64 బిట్ల విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ల ఫైళ్లు. 32 బిట్ల ఫైళ్లు ఉండేది సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో. పేర్లు తిరగబడినట్టు కనిపించడానికి చారిత్రక కారణం ఉంది కానీ, చూసేవారు పొరబడటంలో వింతేమీ లేదు. అలా తెచ్చి పడేసిన ఫైలు వల్ల ప్రోగ్రామ్ నడవకపోగా, లోపలికి ఏం వచ్చిందో కూడా తెలియదు. ఈ ఒక్క అలవాటును మాత్రం దయచేసి మానుకోవాలని చదివేవారందరినీ కోరుతున్నాను.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎప్పుడూ పనికిరాదని నేను అనను. డౌన్‌లోడ్ మధ్యలో ఫైలు పాడైనప్పుడు, యాంటీవైరస్ ఒక ఫైలును పట్టుకుపోయినప్పుడు అది నిజంగానే పనిచేస్తుంది. ఒకసారి చేసి చూడటంలో తప్పు లేదు. అదే ఫైలును, అదే యంత్రంలో, ఏదీ మార్చకుండా మూడోసారి ఇన్‌స్టాల్ చేస్తే మూడోసారి కూడా అదే ఫలితం వస్తుంది. ఫార్మాట్ సలహా ఇంకా చెడ్డది, ఎందుకంటే అది పనిచేసినా మనకేమీ నేర్పదు: ఒకేసారి వంద విషయాలు మారిపోతాయి కనుక, వాటిలో ఏది రోగమో తెలియకుండానే మందు పడుతుంది, వచ్చే నెల అదే రోగం తిరగబెడితే మళ్లీ అదే మందు వేయాలి.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయన్నది అసలు ప్రశ్న. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే చోట, అప్లికేషన్ లాగ్‌లో, కూలిపోయిన ప్రోగ్రామ్ గురించి సాధారణంగా ఎరుపు గుర్తుతో ఒక నమోదు ఉంటుంది. ఏ డిఎల్ఎల్ దగ్గర కూలిందో కూడా చాలాసార్లు అందులోనే రాసి ఉంటుంది. ప్రోగ్రామ్‌ను ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపి, అది ముగిసేదాకా ఆగి, వెళ్తూ అది వదిలిన నిష్క్రమణ సంఖ్యను అడిగితే అదీ ఒక సాక్ష్యమే. -1073741515 వస్తే కావలసిన డిఎల్ఎల్ ఏదో దొరకలేదు. -1073741701 వస్తే ఫైలు పాడై ఉండాలి, లేదా 32 బిట్లవీ 64 బిట్లవీ కలిసిపోయి ఉండాలి. -1073741819 అయితే ప్రోగ్రామ్ మొదలై, తనది కాని జ్ఞాపకస్థలాన్ని ముట్టుకుని కూలిపోయింది. ఈ మూడు సంఖ్యలూ చూడటానికి ఒకేలా భయపెడతాయి గానీ మూడు వేర్వేరు దారులు చూపిస్తాయి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమనే సలహా మాత్రం మూడింటికీ ఒకటే. సందేశాన్ని ఉన్నదున్నట్టు నమ్మడం కూడా అన్నివేళలా కుదరదు. 64 బిట్ల లినక్స్‌లో 32 బిట్ల ప్రోగ్రామ్‌ను నడపబోతే, ఆ ఫైలు కళ్లెదుటే ఉన్నా, "అలాంటి ఫైలు లేదు" అని జవాబు వస్తుంది. నిజానికి లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని జ్ఞాపకంలోకి ఎక్కించవలసిన 32 బిట్ల లోడర్.

అమ్మ లాప్‌టాప్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే ఆ ప్రోగ్రామ్ పేరు మీద ఒక్క నమోదు కూడా లేదు. మొదట నిరాశపడ్డాను, కాసేపటికి అదే పెద్ద ఆధారమని అర్థమైంది. నమోదు లేదంటే ప్రోగ్రామ్ బహుశా కూలిపోలేదు. లోడర్ ఆపి ఉంటే మామూలుగా తెర మీద ఒక సందేశం వచ్చేది, అదీ రాలేదు. అది మొదలై, లోపల ఏదో చూసి, తనంతట తానే తలుపు వేసుకుని వెళ్లిపోయింది. నిష్క్రమణ సంఖ్య అడిగితే 1 వచ్చింది. అది విండోస్ ఇచ్చే సంఖ్య కాదు, ప్రోగ్రామ్ రాసినవారు ఎంచుకున్న సంఖ్య. అంటే ఎందుకు ఆగవలసి వచ్చిందో ఆ ప్రోగ్రామ్‌కు తెలుసు, తెలిసి కూడా మాకు ఒక్క మాట చెప్పలేదు.

తర్వాత చేసినది చిన్న ప్రయోగం. లాప్‌టాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, అందులోంచి అదే ప్రోగ్రామ్‌ను నడిపాను. తెరుచుకుంది! ఇక్కడ ఆగిపోయి, అమ్మ ప్రొఫైల్ పాడైందని తేల్చేసి, కొత్త అకౌంట్‌కు మారిపోవడమే పరిష్కారమని చెప్పేవారు చాలామంది ఉంటారు. నాకు తృప్తి కలగలేదు, ఎందుకంటే రెండు అకౌంట్లకూ మధ్య తేడాలు అనేకం: ఒకటి పాతది, ఒకటి కొత్తది; ఒకదానిలో వేల ఫైళ్లు, ఒకదానిలో ఏమీ లేవు; ఒకదాని పేరు తెలుగులో, ఒకదాని పేరు ఇంగ్లీషులో. ఒక్క తేడానే మిగిల్చి చూడాలని మూడో అకౌంట్ తెరిచాను. అది కూడా కొత్తదే, ఖాళీదే, పేరు మాత్రం తెలుగులో పెట్టాను. ప్రోగ్రామ్ మళ్లీ నీలి వలయం తిప్పి మాయమైంది.

లాప్‌టాప్ కొన్నరోజు అమ్మ అకౌంట్‌కు "అమ్మ" అని పేరు పెట్టింది నేనే. తెరిచిన ప్రతిసారీ తెర మీద ఆ రెండక్షరాలు కనిపించాలన్న ముచ్చట నాది. లోకల్ అకౌంట్‌కు ఏ పేరు పెడితే సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో అదే పేరుతో ఒక ఫోల్డర్ పుడుతుంది. ప్రోగ్రాములు తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లు మామూలుగా ఆ ఫోల్డర్ లోపలికే వెళ్తాయి.

అనుమానాన్ని రుజువు చేసుకోవడానికి ప్రాసెస్ మానిటర్ తెచ్చుకున్నాను. మార్క్ రుస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పరికరాల్లో ఇదొకటి; 2006లో వారి సంస్థను మైక్రోసాఫ్ట్ కొన్నది, ఇప్పటికీ ఉచితంగానే ఇస్తోంది. ఒక ప్రోగ్రామ్ ఏ ఫైలును ముట్టుకుంది, ఏ రిజిస్ట్రీ పద్దును అడిగింది, జవాబేం వచ్చిందన్నది ఇది వరుసగా రాస్తుంది. క్షణంలో వేల వరుసలు వస్తాయి కనుక ప్రోగ్రామ్ పేరుతో వడకట్టాలి, చివరి నుంచి పైకి చదవాలి. మధ్యలో "పేరు దొరకలేదు" అనే వరుసలు వందల కొద్దీ ఉంటాయి, వాటికి బెదరనక్కర్లేదు. ఒకే డిఎల్ఎల్‌ను నాలుగైదు చోట్ల వెతకడం మామూలే. నేను వెతికిన వరుస ముగింపుకు కాస్త పైన దొరికింది. సి డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత "అమ్మ" ఉండవలసిన చోట "????", దానికి ఎదురుగా "పేరు చెల్లదు" అన్న ఫలితం.

అక్షరాలు రెండే అయినా ప్రశ్నార్థకాలు నాలుగు ఎందుకు వచ్చాయని అమ్మ అడిగింది. ప్రపంచ లిపులన్నిటిలోని గుర్తులకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ లెక్కలో అ, మ, పొల్లు, మ అని ఆ పేరులో నాలుగు సంకేతాలున్నాయి. ప్రోగ్రామ్ పాత పద్ధతిలో, అంటే ఒక అక్షరానికి ఒక బైటు చొప్పున, ఫోల్డర్ పేరు అడిగింది. అలా అడిగినప్పుడు విండోస్ ఆ పేరును సిస్టమ్ కోడ్ పేజీలోకి, అంటే ఆ కంప్యూటర్‌కు పెట్టిన అక్షరాల పట్టికలోకి, మార్చి ఇస్తుంది. మన దేశంలో అమ్మే కంప్యూటర్లలో మామూలుగా ఉండేది పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన 1252 కోడ్ పేజీ. దానిలో ఉన్న 256 గళ్లలో తెలుగుకు ఒక్కటీ లేదు. గడి దొరకని ప్రతి సంకేతం స్థానంలో విండోస్ ఒక ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చింది. విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం నిషిద్ధం కనుక, ఆ దారిలో ఫైలు తెరవబోతే చెల్లదంది. ఇన్‌స్టాలర్‌ను ఈ కాలపు పరికరంతో కట్టారు, దానికి యూనికోడ్ తెలుసు. లోపలున్న ప్రోగ్రామ్ పాతది, దానికి తెలియదు. ఒకటి విజయవంతమై రెండోది నడవకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ తెలుగువారికి జరిగిన అన్యాయం ఒకటి ఉంది, అది అంతగా చర్చకు రాదు. రష్యన్‌కు 1251, జపనీస్‌కు 932, థాయ్‌కి 874 అని విండోస్‌లో సొంత కోడ్ పేజీలున్నాయి. అక్కడివారు సిస్టమ్ భాషను తమ భాషకు మార్చుకుంటే యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రామ్ కూడా వారి లిపిలో ఉన్న పేరును చదవగలదు. తెలుగుకు, హిందీకి, తమిళానికి ఆ దారి లేదు. తెలుగు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే ఉన్నా, విండోస్‌లోకి వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో; అప్పటికి కోడ్ పేజీల కాలం ముగుస్తోంది కనుక, మన భాషను యూనికోడ్‌లో మాత్రమే ఉండే భాషగా చేర్చారు. సాంకేతికంగా ఆ నిర్ణయం సరైనదే. కానీ దాని ఫలితంగా, యూనికోడ్‌ను పట్టించుకోని ప్రతి ప్రోగ్రామ్ ముందూ తెలుగు పేరు ప్రశ్నార్థకాలుగానే నిలబడుతుంది.

దారి లేదా అంటే ఒకటుంది. ఇటీవలి విండోస్‌లో సిస్టమ్ కోడ్ పేజీని యుటిఎఫ్-8కు, అంటే యూనికోడ్‌ను బైట్లలో రాసే పద్ధతికి, మార్చే ఎంపిక ఉంది, ఇంకా ప్రయోగదశలోనిదని దాని పక్కనే రాసి ఉంటుంది. నేను దాన్ని పెట్టలేదు. మా మామయ్య ఊళ్లో డిటిపి షాపు నడుపుతాడు. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు ఆయన పని. అమ్మ ఆయన కోసం ప్రూఫులు దిద్దుతుంది, ఆ ఫైళ్లు ఈ లాప్‌టాప్‌లోనే తెరుస్తుంది. అవన్నీ యూనికోడ్‌కు ముందరి తెలుగు ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంట్లు చేసినవారు తెలుగుకు గళ్లు లేవన్న లోటును తమ తెలివితో పూడ్చుకున్నారు: 1252లోని ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాల గళ్లలోనే తలకట్లు, గుడులు, ఒత్తులు అమర్చారు. సిస్టమ్ కోడ్ పేజీ మారితే ఆ గళ్ల మీద ఆధారపడిన పాత ప్రోగ్రాములు అక్షరాలను చిందరవందర చేసే ప్రమాదం ఉంది. స్కానర్‌ను నడిపించడానికి మామయ్య జీవనోపాధిని పందెం పెట్టలేను.

మామయ్య షాపులో ఇదే రోగానికి మరో రూపం ఉంది. ఆయన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒక లాక్ ఉంటుంది, అంటే కంప్యూటర్ వెనక గుచ్చే చిన్న పరికరం. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. కొత్త కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ చక్కగా ఇన్‌స్టాల్ అయింది, తెరవబోతే లాక్ కనబడలేదంది. ఆ లాక్‌తో విండోస్‌ను మాట్లాడించే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, 32 బిట్లది. మామూలు 32 బిట్ల ప్రోగ్రాములను 64 బిట్ల విండోస్ నడపగలదు గానీ, విండోస్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోకి వెళ్లే డ్రైవర్ తప్పనిసరిగా 64 బిట్లది కావాలి, పైగా డిజిటల్ సంతకం ఉన్నది కావాలి. ఆ లాక్‌కు కొత్త డ్రైవర్ రాసిచ్చేవారు ఇప్పుడు ఎవరూ లేరు. అందుకే ఆయన ఎక్స్‌పీ ఉన్న పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా ఆ ఒక్క పనికే అట్టేపెట్టుకున్నాడు. ఆయన చేసినది సరైనదే. కారణం తెలిసింది కాబట్టే ఇక వెతకడం ఆపగలిగాడు; తెలియకపోతే ఇప్పటికీ ఫార్మాట్లు కొట్టిస్తూ ఉండేవాడు.

స్కానర్ కంపెనీకి నేను కనుక్కున్నదంతా రాసి, ఆ వరుస ఉన్న తెర బొమ్మ జతచేసి పంపాను. యూజర్ నేమ్‌లో ఇంగ్లీషు అక్షరాలే వాడవలసిందిగా జవాబు వచ్చింది. ఆ సలహా పాటించడం కూడా వారు అనుకున్నంత తేలిక కాదు: సెట్టింగుల్లో అకౌంట్ పేరు మార్చినా యూజర్స్‌లోని ఫోల్డర్ పేరు మారదు, కొత్త అకౌంట్ తెరిచి సామానంతా తరలించవలసిందే. అయితే నా అభ్యంతరం శ్రమ గురించి కాదు. యూనికోడ్ పేర్లతో ఫైళ్లు తెరిచే ఫంక్షన్లు 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టి నాటి నుంచే ఉన్నాయి. పాత ప్రోగ్రామ్‌ను తిరగరాసే తీరిక లేనివారికి, 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి ఇంకో సదుపాయం ఉంది: ఈ ఒక్క ప్రోగ్రామ్‌కు కోడ్ పేజీ యుటిఎఫ్-8 అని దాని వివరాల పత్రమైన మానిఫెస్ట్‌లో ప్రకటించవచ్చు, మిగతా సిస్టమ్ జోలికి పోనక్కర్లేదు. ఆ పని కూడా చేయలేమంటే, తాత్కాలిక ఫైలు తెరవలేకపోయాను, దారి ఇదీ అని ఒక్క వాక్యం తెర మీద చూపించవచ్చు. ఆ వాక్యం ఉండి ఉంటే నేను రెండు రోజులు కూర్చోనక్కర్లేదు, సహాయ కేంద్రంలోని ఆ అబ్బాయి తెలియని విషయానికి నాలుగు సార్లు జవాబు చెప్పనక్కర్లేదు. అతని మీద నాకు కోపం లేదు. చేతికి ఆధారమేదీ ఇవ్వకుండా అతన్ని ఫోన్ ముందు కూర్చోబెట్టినవారి మీద ఉంది.

పేరు మార్చకుండానే పని జరిగే మార్గం చివరికి దొరికింది. ప్రోగ్రామ్ తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ ఎక్కడని రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను, అంటే విండోస్ ప్రోగ్రాములకు అందించే పేరున్న విలువలను, అడిగి తెలుసుకుంటోంది. సి డ్రైవ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, ఆ రెండు వేరియబుల్స్‌నూ దానివైపు తిప్పి, ఆ తర్వాత ప్రోగ్రామ్‌ను పిలిచే మూడు వరుసల బ్యాచ్ ఫైలు, అంటే ఆదేశాల జాబితా, రాశాను. ఆ మార్పు ఆ ప్రోగ్రామ్‌కే వర్తిస్తుంది, మిగతావేవీ కదలవు. డెస్క్‌టాప్ మీది పాత ఐకన్ తీసేసి దీన్ని పెట్టాను. డబుల్ క్లిక్ చేస్తే విండో తెరుచుకుంది.

"అయితే నా పేరు అలాగే ఉంటుందిగా?" అని అమ్మ అడిగింది. ఉంటుందన్నాను. స్కాన్ చేసిన బొమ్మలను ఆ ప్రోగ్రామ్ తెలుగు పేరున్న ఫోల్డర్‌లో ఇప్పటికీ దాచలేకపోతోంది, అందుకని ముందు ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్‌లో దాచి తర్వాత మార్చుకోవాలని చూపించాను. ఆ సాయంత్రం మొదటి నోటుపుస్తకంలో 46 పేజీలు పూర్తయ్యాయి. అమ్మ వాటిని వేరే ఫోల్డర్‌లోకి జరిపి, దాని పేరు మార్చడానికి కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "అమ్మమ్మ పాటలు" అని టైపు చేసింది.